విద్యుత్ మాండలిన్, గిటారు: 'డ్రీమ్' ఆల్బమ్ (1995)

విదేశీ వాద్యాలు కర్ణాటక సంగీతంలో స్థిరపడటం కొత్త విషయం కాదు. ఫిడేలు 19వ శతాబ్దంలోనే కచేరీ వాద్యమైంది. మాండలిన్‌కు మాత్రం ఒక పరిమితి ఉండేది. తీగ మీటిన కొద్దిసేపటికే నాదం తగ్గిపోతుంది. గమకం పలకాలంటే నాదం నిలవాలి.

1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఈ పరిమితిని అధిగమించారు. జంట తీగలకు బదులు ఒంటి తీగలు బిగించి, విద్యుత్ మాండలిన్‌ను వాడారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాద్యకారుడు కాదు. ఆయన పాడితే శిష్యుడు దాన్నే తీగలపై పలికించేవాడు. అందువల్ల వాద్యం గాత్రాన్ని అనుసరించింది.

కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌ది కూడా ఇదే సమస్య. ఆయన 1980లలో రూపొందించిన 'ఇన్ఫినిట్ గిటార్'లో స్వరం కోరినంతసేపు నిలుస్తుంది. ఐర్లండ్ రాక్ బృందం యూ2 గిటారిస్టు ది ఎడ్జ్ కూడా 1987 నాటి 'ది జాషువా ట్రీ' ఆల్బమ్‌లో దీన్ని వాడారు.

శ్రీనివాస్, బ్రూక్ కలిసి చేసిన 'డ్రీమ్' ఆల్బమ్‌ను రియల్ వరల్డ్ సంస్థ 1995లో విడుదల చేసింది. వయొలిన్ విద్వాంసుడు నైజెల్ కెన్నెడీ, గాయని జేన్ సిబెరీ ఇందులో పాలుపంచుకున్నారు. ఆల్బమ్‌పై మాత్రం శ్రీనివాస్, బ్రూక్ పేర్లే ఉన్నాయి.

ఇటువంటి కృషి వల్ల సంప్రదాయం పలచబడుతుందనే వాదన ఉంది. అయితే విద్యార్థులు ఒక విషయం గమనించాలి. గమకం కోసం చేసిన మార్పే ఈ మాండలిన్‌ను విద్యుత్ గిటారుకు దగ్గర చేసింది. అంటే శ్రీనివాస్ సంప్రదాయాన్ని వదిలి గిటారు పక్కకు చేరలేదు. సంప్రదాయం అడిగినది సాధించే క్రమంలోనే అక్కడికి చేరారు.

అభ్యాసం: 'డ్రీమ్'లో ఇద్దరు ప్రధాన కళాకారులను కలిపిన వాద్య సమస్య ఏది? వివరించండి.