గోదావరి డెల్టాలో ఓటు: పసుపు పెట్టె నుంచి మీట దాకా

గోదావరి డెల్టాలో సామాన్యుడికి చట్టసభ ఓటు ముందుగా దక్కిన ఊరు యానాం. రాజమండ్రి, కాకినాడల వంతు చాలా కాలం తర్వాత వచ్చింది. 1848 విప్లవం తర్వాత ఫ్రాన్సు తన వలసల్లోని వయోజన పురుషులకు ఓటు ఇచ్చింది. మూడో నెపోలియన్ కాలంలో ఆ ఏర్పాటు ఆగిపోయి 1871లో మళ్ళీ మొదలైంది. అప్పటి నుంచి పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చంద్రనగర్‌లతో పాటు యానాం కూడా పారిస్‌లోని సభకు పంపే ప్రతినిధి ఎన్నికలో పాలుపంచుకుంది. ఆస్తి ఉందా, శిస్తు కడుతున్నావా అని అక్కడ అడగలేదు. 1880లో యానాంకు ఎన్నికైన పురపాలక సభ కూడా వచ్చింది. బాల్య వివాహాలను అడ్డుకున్న శారదా చట్టాన్ని తప్పించుకోడానికి పిల్లల పెళ్ళిళ్ళు చేయిద్దామని ఇవతలి ఊళ్ళవాళ్ళు యానాం వెళ్ళిన సంగతి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అదే ఊళ్ళో కూలివాడికి ఓటున్న సంగతి మాత్రం ఎవరికీ పెద్దగా పట్టలేదు. పట్టకపోవడానికి కారణం లేకపోలేదు. ఫ్రెంచి ఇండియా ఎన్నికలు దొంగ ఓట్లకు, కొట్లాటలకు పేరుమోశాయి. పైగా 1884 నుంచి ఓటర్లను యూరోపియన్లు, స్వదేశీ ధర్మాన్ని వదులుకుని ఫ్రెంచి చట్టాన్ని ఒప్పుకున్నవారు, మిగిలినవారు అని మూడు జాబితాలుగా విడదీశారు. ఓటు అందరికీ ఉన్నా, దాని విలువ అందరికీ ఒకటి కాదు.

బ్రిటిష్ వైపు కథ మునిసిపాలిటీలతో మొదలవుతుంది. రాజమండ్రి పురపాలక సంఘం 1866లో ఏర్పడింది. స్థానిక పాలనపై వైస్రాయ్ రిప్పన్ 1882 తీర్మానం, దాని వెంట వచ్చిన 1884 మద్రాసు చట్టాలు పట్టణాల్లో కొన్ని స్థానాలకు ఎన్నికలు తెచ్చాయి. పన్ను కట్టేవాళ్ళే ఓటర్లు. వకీళ్ళు, వర్తకులు, ఇనాందార్లు కలిసిన చిన్న లోకం అది. రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గా పనిచేసిన న్యాపతి సుబ్బారావు పంతులు 1890లలో మద్రాసు శాసనమండలికి వెళ్ళింది ఇలాంటి పరిమితమైన ఎంపిక ద్వారానే.

1919 భారత ప్రభుత్వ చట్టంతో ఓటు పల్లెల్లోకి వచ్చింది, కానీ శిస్తు రసీదు వెంట వచ్చింది. నిర్ణీత మొత్తానికి తగ్గకుండా శిస్తు కట్టే రైతుకే ఓటు. ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని డెల్టాలో మాగాణి పెరిగింది, మాగాణికి శిస్తు ఎక్కువ. అందువల్ల మెట్ట రైతుకు ఎన్నో ఎకరాలుంటే గానీ దక్కని ఓటు డెల్టాలో కొద్దిపాటి పొలం ఉన్నవాడికే దక్కింది. అదే పొలంలో కోత కోసే పాలేరుకు మాత్రం దక్కలేదు. కాలవ నీళ్ళు ఓటర్ల జాబితాను కూడా తడిపాయన్నమాట. 1920 ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది, జస్టిస్ పార్టీ అధికారానికి వచ్చింది. రాజమండ్రిలో పుట్టి ఏలూరులో వకీలుగా స్థిరపడిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు ఆ మంత్రివర్గంలో చేరారు. 1921లో మద్రాసు మండలి, దేశంలోని రాష్ట్రాలన్నిటికంటే ముందు, స్త్రీలకూ ఓటు ఇచ్చింది. అయితే అదే ఆస్తి నిబంధన మీద. ఆస్తి ఎవరి పేరున ఉండేదో తెలిసిందే కాబట్టి జాబితాలో ఆడవాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి.

చదువురాని ఓటరు తన ఓటు రహస్యంగా వేయడం ఎలా అన్నది అప్పటి నుంచీ ఎన్నికల యంత్రాంగాన్ని వేధించిన ప్రశ్న. అధికారి చెవిలో పేరు చెప్పి వేయించుకుంటే అది రహస్యం కాదు. పక్కనే భూస్వామి గుమాస్తా ఉంటే అసలు ఓటే కాదు. 1937 ఎన్నికలకు మద్రాసు రాష్ట్రంలో రంగు పెట్టెలు పెట్టారు. కాంగ్రెస్‌కు వచ్చింది పసుపు. పసుపు పెట్టెలో ఓటు వేయండని ఊరూరా చాటారు. తెలుగు ఇంట పసుపు అంటే శుభమే కాబట్టి ఆ రంగు దొరకడం కాంగ్రెస్‌కు కలిసొచ్చిందనే చెప్పాలి. 215 స్థానాల శాసనసభలో 159 ఆ పార్టీకి దక్కాయి. గవర్నర్ల జోక్యంపై హామీ కావాలని కాంగ్రెస్ కొన్నాళ్ళు మంత్రివర్గం ఏర్పాటు చేయలేదు. ఆ మూడు నెలల పైచిలుకు కాలం మద్రాసు రాష్ట్రానికి తాత్కాలిక ప్రధానిగా ఉన్నది కూర్మా వెంకటరెడ్డి నాయుడే. జనంలో ఓడిన పక్షం వాడు, కుర్చీలో మాత్రం ఆయనే.

రాజ్యాంగం అమల్లోకి రావడంతో ఆస్తి నిబంధన ఎగిరిపోయింది. 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. 1950 జనవరి 25న ఎన్నికల సంఘం ఏర్పడింది. మార్చిలో సుకుమార్ సేన్ మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ అయ్యారు. దేశంలో 17 కోట్లకు పైగా ఓటర్లు, వాళ్ళలో చదవగలిగినవాళ్ళు బహు తక్కువ. ఆయన ఎంచుకున్న మార్గం రంగు పెట్టెకు తమ్ముడి వంటిదే: అభ్యర్థికి ఒక పెట్టె, పెట్టె మీద గుర్తు. కాంగ్రెస్‌కు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి-కొడవలి, సోషలిస్టులకు మర్రిచెట్టు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె. ఇనుప పెట్టెలు లక్షల్లో తయారయ్యాయి. నాసిక్‌లో నోట్లు అచ్చయ్యే ముద్రణాలయంలోనే బ్యాలెట్ చీటీలూ అచ్చయ్యాయి, సైజు కూడా రూపాయి నోటంతే.

చీటీ మీద ఓటరు చేయాల్సిన గుర్తేమీ లేదు. బూత్‌లో వేలికి సిరా చుక్క పెట్టించుకుని, చీటీ అందుకుని, తడక వెనక్కి వెళ్తే పెట్టెలు వరసగా కనిపిస్తాయి. నచ్చిన గుర్తున్న పెట్టె కంతలోంచి చీటీ జారవిడవాలి, అంతే. సులువైన పద్ధతే, కానీ తడక వెనక ఏం జరిగిందో చూసేవాడు లేడు. కొందరు చీటీని పెట్టెలో వేయకుండా పెట్టె మీదే పెట్టి దణ్ణం పెట్టి వచ్చేశారు. ఇంకొందరు పంచె ముడిలో పెట్టుకుని బయటికి తెచ్చారు. అలా బయటికొచ్చిన చీటీలు చేతులు మారి, ఒకడే నాలుగైదు మడిచి ఒక పెట్టెలో వేసే వీలుండేది. తర్వాతి పదేళ్ళలో ఈ పద్ధతిని వదిలేయడానికి పెద్ద కారణం ఇదే.

మద్రాసు రాష్ట్రంలో 1952 ఫలితాలు కాంగ్రెస్‌ను కుదిపేశాయి. 375 స్థానాల్లో ఆ పార్టీకి 152 మాత్రమే వచ్చాయి. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాతో పాటు పలువురు మంత్రులు ఓడిపోయారు, వారిలో కోనసీమకు చెందిన కళా వెంకటరావు ఒకరు. లోక్‌సభకు రాజమండ్రి అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. కమ్యూనిస్టు పార్టీ నుంచి కానేటి మోహనరావు, సోషలిస్టు పార్టీ నుంచి నల్లా రెడ్డి నాయుడు గెలిచారు. కాకినాడ స్థానం కూడా కమ్యూనిస్టు చెలికాని వెంకట రామారావుదే. శిస్తు కట్టే రైతు ఒక్కడే ఓటరుగా ఉన్న రోజుల్లో ఇలాంటి జాబితా ఊహకు కూడా అందదు.

ఇద్దరు సభ్యుల నియోజకవర్గం అంటే ఏమిటో నేటి ఓటరుకు కొంచెం విప్పి చెప్పాలి. ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. రిజర్వుడు వర్గం అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారు ముందు గెలిచినట్టు. మిగిలిన వారందరిలో, రిజర్వుడు వర్గం వారితో సహా, ఎక్కువ వచ్చినవారు రెండో స్థానం దక్కించుకుంటారు. 1957లో ఉత్తరాంధ్రలోని పార్వతీపురంలో ఈ లెక్క తన విశ్వరూపం చూపించింది. రెండు స్థానాలూ గిరిజన అభ్యర్థులకే వెళ్ళాయి, జనరల్ స్థానం ఆశించిన వి.వి. గిరి ఓడిపోయారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా 1959లో తీర్పు దిప్పల సూరిదొర వైపే వచ్చింది. 1961లో పార్లమెంటు ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను చట్టం చేసి ఎత్తేసింది. చట్టం సూటిగానే ఉంది, దాని వెనకున్న కలవరం మాత్రం దాగలేదు. రిజర్వేషన్ ప్రత్యేక స్థానాలకు పరిమితమైంది. డెల్టాలో ఆ పాత్ర అమలాపురానికి వచ్చింది. 1962 నుంచి అది షెడ్యూల్డు కులాల స్థానం. లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి గెలిచిన స్థానం అదే.

ఎన్నికల లెక్కల్లో అందరూ గుర్తుంచుకోవలసిన ఏడాది 1955. మద్య నిషేధం మీద ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయాక, మద్రాసు నుంచి విడిపోయిన ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు జరిగాయి. కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు పడ్డాయి, 196 స్థానాల్లో వచ్చినవి 15. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్క కూటమిగా నిలబడి ఒక్కో చోట ఒక్కో అభ్యర్థినే పెట్టడమే తేడా. ఓట్లు చీలకపోతే ఏమవుతుందో గోదావరి జిల్లాల పార్టీ నాయకులకు ఆ పాఠం అప్పుడే వంటబట్టింది. పొత్తుల బేరాలు ఈ జిల్లాల్లో నామినేషన్ల చివరి రోజు దాకా సాగడానికి మూలం అక్కడుంది.

1962 ఎన్నికలకు చీటీ మీదే పేర్లు, గుర్తులు అచ్చయ్యాయి, పెట్టె అందరికీ ఒక్కటే అయింది. ఓటరు రబ్బరు ముద్ర వేసి చీటీ మడవాలి. ఇక్కడ కొత్త తంటా వచ్చింది: తడి సిరా మడతకు అవతలి గుర్తుకు అంటుకునేది. ఏది అసలు ముద్ర, ఏది అంటిన నీడ? అందుకని ముద్రకు బాణపు కొసలున్న స్వస్తిక్ వంటి ఆకారం ఇచ్చారు. అంటిన ముద్ర అద్దంలో బొమ్మలా తిరగబడి కనిపిస్తుంది, లెక్కించేవాడు ఇట్టే పట్టేస్తాడు. కౌంటింగు హాల్లో ఏజెంట్లు చీటీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని వాదులాడిన కాలం అది. చెరగని సిరా అప్పటి నుంచి మైసూరు రంగుల కర్మాగారం నుంచే వస్తోంది.

చీటీ స్థానంలో ఓటింగ్ యంత్రం 1982లో కేరళలోని పరూర్‌లో తొలిసారి కనిపించినా, అన్ని చోట్లా యంత్రాలతోనే లోక్‌సభ ఎన్నిక జరిగింది 2004లో. హైదరాబాద్ ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ వీటిని తయారు చేస్తాయి. పోలింగ్ రోజు తెల్లవారుజామున ఏజెంట్ల ఎదుట కనీసం 50 నమూనా ఓట్లు వేసి, లెక్క సరిచూసి, చెరిపి, సీళ్ళు వేస్తారు. తర్వాత మీట నొక్కితే బీప్ అనే కూత. 2019 నుంచి ప్రతి బూత్‌లో పక్కన అద్దం వెనక, ఓటు ఎవరికి పడిందో చూపే చీటీ ఏడు సెకన్లు కనిపించి డబ్బాలో పడుతుంది. కొన్ని లంక గ్రామాలకు మాత్రం ఈ యంత్రాలన్నీ ఇప్పటికీ పడవ మీదో పంటు మీదో గోదావరి పాయ దాటి వెళ్ళాల్సిందే.

యంత్రం దొంగ ఓట్ల గుద్దుడును తగ్గించింది, ఒక రహస్యాన్ని మాత్రం బయటపెట్టింది. చీటీల కాలంలో చాలా బూత్‌ల చీటీలను కలిపేసి లెక్కించేవారు, ఏ పేట ఎవరికి వేసిందో తేలేది కాదు. యంత్రం బూత్ లెక్క బూత్‌కే చూపిస్తుంది. వెయ్యి ఓట్ల బూత్ అంటే డెల్టాలో రెండు మూడు వీధులు, ఒక పేట. ఏ పేట మొగ్గు ఎటో ఫలితాల రోజు సాయంత్రానికే ఊళ్ళో లెక్క తేలిపోతుంది; తర్వాత పింఛను, ఇంటి పట్టా, రోడ్డు పని దగ్గర ఆ లెక్క గుర్తుకొస్తుంది. కొన్ని బూత్‌ల ఫలితాలను కలిపి చూపే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. అది అమలుకు రాలేదు.

ఉమ్మడి తూర్పుగోదావరిలో 19, పశ్చిమగోదావరిలో 15 శాసనసభ స్థానాలు. ఈ 34 ఎటు మొగ్గితే రాష్ట్రం అటే అన్న మాట రాజకీయాల్లో పాతదే. 2019లో వీటిలో 27 వైఎస్సార్ కాంగ్రెస్‌కు పోయాయి. 2024లో 34కు 34 తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి ఖాతాలో పడ్డాయి. ఆ మే 13న రాష్ట్రంలో 46 వేల పైచిలుకు కేంద్రాల్లో సుమారు 82 శాతం ఓట్లు పోలయ్యాయి. హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాల బస్సులు సంక్రాంతికి కిటకిటలాడినట్టే కిటకిటలాడాయి.

యానాం ఇందులో లేదు. 1954లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడ్డాక పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన ఆ ఊరికి శాసనసభ స్థానం ఒకటే. దాని రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. 2021లో ఎన్.ఆర్. కాంగ్రెస్ అధినేత రంగసామి ఇక్కడ కూడా పోటీ చేసి ఇండిపెండెంట్ గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ చేతిలో ఓడిపోయారు. తట్టాంచావడిలో గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో యానాం ఏప్రిల్ 19న ఓటు వేసింది. చుట్టూ ఉన్న ఊళ్ళవాళ్ళ వేలికి సిరా పడటానికి ఇంకా 24 రోజులున్నాయి. రెండు చోట్లా పెట్టెలు తెరిచింది మాత్రం ఒకే రోజు, జూన్ 4న.