నియంతల యుద్ధం, నిజాం రాజ్యం

1918 నవంబరులో మొదటి ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఐరోపాలో పాత సామ్రాజ్యాలు కూలిపోయాయి. వాటి చోట వచ్చిన కొత్త ప్రభుత్వాలకు వేళ్లు ఊనుకునే సమయం దొరకలేదు. ఓడిన జర్మనీ మీద వెర్సాయ్ సంధి నష్టపరిహారం మోపింది. గెలిచిన పక్షాన ఉండి కూడా ఆశించింది దక్కలేదని ఇటలీ రగిలిపోయింది. 1922 అక్టోబరులో ముస్సోలినీ నల్లచొక్కాల దళాలు రోమ్ మీదికి బయల్దేరితే, రాజు వాళ్లను అడ్డుకోకపోగా ముస్సోలినీనే పిలిచి ప్రధానిని చేశాడు. జర్మనీలోనూ అదే వరస. 1929లో మొదలైన ఆర్థికమాంద్యం 60 లక్షల మందిని నిరుద్యోగులను చేసింది. 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ హిట్లర్‌ను చాన్సలర్‌గా నియమించాడు. రెండు నెలలు తిరక్కముందే పార్లమెంటు తన శాసనాధికారాన్ని తానే ఓటు వేసి అతని చేతిలో పెట్టింది. ఈ ఇద్దరినీ గద్దె ఎక్కించింది, వీళ్లను తాము అదుపులో ఉంచగలమనుకున్న పెద్దమనుషులే. అటు రష్యాలో స్టాలిన్, లెనిన్ తర్వాత పార్టీనంతా గుప్పిట్లోకి తెచ్చుకున్నాడు. జపాన్‌లో సైన్యం ప్రభుత్వాన్ని పక్కకు నెట్టి 1931లో మంచూరియాను ఆక్రమించింది.

ఈ నియంతల కాలం హైదరాబాదులోని ఒక ఇంటిని నేరుగా తాకింది. నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ పెద్దకొడుకు, సరోజినీ నాయుడి తమ్ముడు వీరేంద్రనాథ్ 1880లో హైదరాబాదులో పుట్టాడు. చదువుకని ఇంగ్లండు వెళ్లి విప్లవకారుడయ్యాడు. బెర్లిన్‌లో ఏళ్ల తరబడి సామ్రాజ్యవాద వ్యతిరేక ఉద్యమాన్ని నడిపాడు. నాజీలు గద్దెనెక్కకముందే మాస్కో చేరి, లెనిన్‌గ్రాడ్‌లో పరిశోధకుడిగా స్థిరపడ్డాడు. హిట్లర్‌ను తప్పించుకున్న ఆ మనిషిని స్టాలిన్ పోలీసులు 1937లో అరెస్టు చేశారు. ఆ ఏడాది సెప్టెంబరు 2న కాల్చి చంపారు. ఆయన మరణం గురించి ఇంటివాళ్లకు చాలా కాలం దాకా నిజం తెలియలేదు.

1935లో ఇటలీ అబిసీనియా మీద పడింది. మరుసటి ఏడు హిట్లర్ రైన్‌లాండ్‌లోకి సైన్యం పంపాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఇద్దరూ ఫ్రాంకోకు విమానాలిచ్చారు. 1938లో ఆస్ట్రియా పోయింది, మ్యూనిక్ ఒప్పందంతో చెకోస్లొవేకియా ముక్కలైంది. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్‌లో ప్రవేశించింది. 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. అదే రోజు వైస్రాయ్ లిన్‌లిత్‌గో, భారతీయ నాయకులను మాటమాత్రంగానైనా అడక్కుండా ఇండియా కూడా యుద్ధంలో ఉన్నట్టేనని ప్రకటించాడు.

మరునాడే ఈ యుద్ధంలో హైదరాబాదు పేరు వినిపించింది. సెప్టెంబరు 4న బ్రిటిష్ బాంబర్లు విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌకల మీద బాంబులు వేశాయి. రాయల్ ఎయిర్‌ఫోర్స్‌కు ఈ యుద్ధంలో అదే మొదటి బాంబుదాడి. అందులో ముందు నడిచింది 110వ స్క్వాడ్రన్. 1918లో ఆ దళానికి విమానాలు కొనిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. అందుకే దాని పేరులో ‘హైదరాబాద్’ చేరింది. ఈసారి ఆయన డబ్బు మరో రెండు దళాలకు వెళ్లింది. అవి 152, 253 స్క్వాడ్రన్లు. 1940లో బ్రిటన్ ఆకాశంలో జర్మన్ విమానాలతో తలపడిన వాటిలో ఈ రెండూ ఉన్నాయి. 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగా దస్తార్ ఉంటుంది. దాని కింద ఉన్న మాటల అర్థం ‘నమ్మకమైన మిత్రుడు’. అది బ్రిటిష్ వాళ్లు నిజాముకు ఇచ్చిన బిరుదే. ఆస్ట్రేలియా నౌకాదళంలో ‘నిజాం’ పేరుతో ఒక డిస్ట్రాయర్ 1941లో చేరింది.

ఈ దాతృత్వం గురించి చెప్పేటప్పుడు డబ్బు ఎక్కడిదో కూడా చెప్పాలి. 1941 లెక్కల్లో హైదరాబాదు రాజ్య జనాభా సుమారు 1 కోటి 63 లక్షలు. వాళ్లెవరికీ తమ పాలకుణ్ణి ప్రశ్నించే శాసనసభ లేదు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫెఖాస్ భూమి, అంటే నిజాం సొంత ఆస్తి. మేడ్చల్ తాలూకా అందులోదే. ఇక్కడి రైతు కట్టిన శిస్తు రాజ్య ఖజానా ముఖం చూడకుండా నేరుగా నిజాం ఖాతాలో పడేది. దివానీ, అంటే సర్కారు గ్రామాల రైతుకైతే కనీసం పేరుకు ఒక ప్రభుత్వం ఉండేది, సర్ఫెఖాస్ రైతుకు యజమానే ప్రభుత్వం. నియంతల మీద యుద్ధానికి అంత ధారాళంగా ఇచ్చిన సంస్థానం ఇలా ఉండేది.

మేడ్చల్ వైపు నేలకు సైన్యం కొత్తేమీ కాదు. సికింద్రాబాద్ నుంచి తిరుమలగిరి, బొల్లారం మీదుగా హకీంపేట, శామీర్‌పేట వైపు సాగే దారిలో మొదటి సగమంతా పంతొమ్మిదో శతాబ్దం నుంచే కంటోన్మెంటు. బొల్లారం, మేడ్చల్ మీదుగా మన్మాడ్ పోయే మీటర్‌గేజి రైలుమార్గం దండును బొంబాయి వైపుకు కలిపేది. యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రధాని అయిన చర్చిల్ కూడా కుర్ర అధికారిగా 1896లో పోలో ఆడటానికి ఇక్కడికి వచ్చినవాడే. యుద్ధం మొదలయ్యాక బేగంపేట విమానాశ్రయంలో టైగర్‌మాత్ విమానాల మీద పైలట్లకు తొలి శిక్షణ ఇచ్చారు. విదేశీ సరుకు ఆగిపోవడంతో ఇక్కడే తయారీ మొదలైంది. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ కంపెనీలు పుట్టాయి.

1941 డిసెంబరులో జపాన్ దిగడంతో యుద్ధం తెలుగువాళ్ల గుమ్మంలోకి వచ్చింది. మలయాలోని కోట బారు తీరంలో జపాన్ సేనలు దిగినది పెర్ల్ హార్బర్ దాడికి కాస్త ముందే. అక్కడి విమానాశ్రయానికి కాపలాగా ఉన్నది నిజాం సొంత సైన్యంలోని ఒకటో హైదరాబాద్ పటాలం. ఆ గందరగోళంలో దాని కమాండరు హెండ్రిక్స్ చనిపోయాడు. డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఆ ఊరి రేవు, మిల్లులు నడిచింది ఎక్కువగా ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీల చేతుల మీదుగా. ఓడలు దొరకనివాళ్లు అరకాన్, మణిపూర్ కొండదారుల్లో కాలినడకన బయల్దేరారు. బర్మా వదిలిన భారతీయులు లక్షల్లో ఉంటే, దారిలో మలేరియా, కలరా, ఆకలితో పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తీరపట్టణాల్లో జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు.

హైదరాబాదీ ఒకడు ఈ యుద్ధంలో అటువైపు ఉన్నాడు. జర్మనీలో ఇంజినీరింగ్ చదువుతున్న ఆబిద్ హసన్, బెర్లిన్ చేరిన సుభాష్ చంద్రబోస్‌కు కార్యదర్శి అయ్యాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి బోస్ వెంట జలాంతర్గామిలో వెళ్లిన ఒకే ఒక్క భారతీయుడు ఆయనే. మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో వాళ్లు రబ్బరు తెప్ప మీద జపాన్ జలాంతర్గామిలోకి మారారు. ‘జైహింద్’ను ఆజాద్ హింద్ ఫౌజు పలకరింపుగా సూచించింది ఆబిద్ హసనే అంటారు. నియంతల సాయంతో స్వాతంత్ర్యం వస్తుందన్న లెక్క తప్పిందనేది వేరే సంగతి. ఒకే నగరంవాళ్లు యుద్ధానికి రెండువైపులా ఉన్నారన్నది మాత్రం వాస్తవం.

తెలంగాణ పల్లెకు యుద్ధం లెవీ రూపంలో వచ్చింది. బర్మా బియ్యం ఆగిపోయింది, ధరలు మండిపోయాయి. ఎకరాకు ఇంత ధాన్యం ప్రభుత్వ ధరకు అప్పజెప్పాలని సర్కారు నిర్ణయించింది. వసూలు చేయాల్సినవాళ్లు పట్వారీలు, పటేళ్లు. దేశ్‌ముఖులు గాదెలు దాచుకుని నల్లబజారులో అమ్ముకున్నారు. రెండెకరాల రైతు గింజలు మాత్రం కల్లంలోనే కొలిచి తీసుకుపోయారు. తినడానికి ఇంటికి తెచ్చుకున్న గింజల మీద కూడా లెక్క అడిగారు. ఏళ్ల తరబడి దొర గడీకి వెట్టిచేసి కూడా నోరెత్తని ఊళ్లు ఈ లెవీ దగ్గర తిరగబడ్డాయి. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దండెత్తాక కమ్యూనిస్టులు ఈ యుద్ధాన్ని ప్రజాయుద్ధమని సమర్థించారు. అయినా ఊళ్లలో లెవీకి, వెట్టికి వ్యతిరేకంగా జనాన్ని కూడగట్టింది కూడా వాళ్లే. 1944లో భువనగిరి మహాసభతో రావి నారాయణరెడ్డి నాయకత్వంలోని అతివాద వర్గం చేతికి, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ అయిన ఆంధ్రమహాసభ వచ్చింది. మితవాదులు విడిపోయారు.

పాలనలో మార్పు తెస్తామని నిజాం ప్రభుత్వం 1939 జులైలో అయ్యంగార్ కమిటీ సిఫార్సులను ప్రకటించింది. ఆ కమిటీ సూచించిన శాసనసభకు అధికారాలు పరిమితం, అందులోనూ అందరికీ ఓటు లేదు. ఆ కాస్తను కూడా యుద్ధం పేరు చెప్పి ఏళ్ల తరబడి అటకెక్కించారు. స్టేట్ కాంగ్రెస్ మీద 1938లో పెట్టిన నిషేధం 1946 దాకా ఉంది.

1945 మేలో జర్మనీ లొంగిపోయింది. సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో జపాన్ సంతకం పెట్టినప్పుడు అక్కడ నిలిచిన మిత్రరాజ్యాల నౌకల్లో ‘నిజాం’ ఒకటి. నిజాం ఆశించిన ప్రతిఫలం మాత్రం రాలేదు. యుద్ధంతో చితికిపోయిన బ్రిటన్ ఇండియాను వదలడానికి తొందరపడింది. తాము వెళ్లాక సంస్థానాల మీద సార్వభౌమాధికారం రద్దవుతుందని చెప్పి చేతులు దులుపుకుంది. డొమినియన్ హోదా కావాలని నిజాం పంపిన విన్నపాలకు లండన్ ఒప్పుకోలేదు.

తెలంగాణలో లెవీ మీద మొదలైన కోపం 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో సాయుధపోరాటానికి దారితీసింది. అదే ఏడాది చివర నిజాం పాలనను సమర్థించే మజ్లిస్ పార్టీ నాయకత్వం కాసిం రజ్వీకి వచ్చింది. ఆ పార్టీ దళాలైన రజాకార్ల ఖాకీ బట్టలు, కవాతులు, నాయకుడికి ప్రాణాలిస్తామనే ప్రమాణాలు చూసినవాళ్లకు పదేళ్ల కిందటి ఐరోపా గుర్తురావడం సహజమే. కానీ రజ్వీ వెనుక ఒక పరిశ్రమల దేశం లేదు. చుట్టూ భారత సైన్యం ఉంది. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17కల్లా ముగిసింది. మర్నాడు నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాస్ భూములను నిజాం ఫర్మానా ద్వారా ప్రభుత్వానికి అప్పగించాడు. మేడ్చల్ తాలూకా శిస్తు కూడా అప్పటి నుంచి ప్రభుత్వ ఖజానాకు జమ అయింది.