తెలుగు తీరపు చిత్తడి నేలల్లో పక్షుల పరిశీలన - చరిత్ర

తమిళనాడు సరిహద్దున ఉన్న పులికాట్ సరస్సు మొదలు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం దాకా తీరం వెంట పక్షులకు నెలవైన ఉప్పుటేళ్లు, మడ అడవులు, మంచినీటి చెరువులు ఎన్నో ఉన్నాయి. ఉత్తర దేశాల్లో వసంతం పక్షులు వచ్చే కాలం. మన తీరాన అది వాటిని సాగనంపే కాలం. శీతాకాలానికి దిగిన వలస పక్షులు ఉగాది నాటికి తిరుగుదారి పడతాయి. కాకినాడ దగ్గరి కోరింగ బురద నేలల మీద అన్నాళ్లూ బూడిద రంగులో తిరిగిన ఉల్లంకి పిట్టల్లో కొన్ని జాతులు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇటుక రంగు రొమ్ముతో కనిపిస్తాయి. ఆర్కిటిక్ ప్రాంతంలో జతకట్టడానికి అవి ఇక్కడే ముస్తాబు మొదలుపెడతాయి. పరిశీలకులకు ఏడాదిలో ఇంతకన్నా మంచి రోజులు లేవు.

ఈ చరిత్రను బైనాక్యులర్లతో మొదలుపెడితే అన్యాయమవుతుంది. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న థామస్ జెర్డాన్ అక్కడి యానాదులకు అడవి గురించి, జీవాల గురించి ఉన్న తెలివిని శ్రద్ధగా గమనించాడు. 1862-64 మధ్య మూడు భాగాలుగా వెలువడిన ఆయన భారతదేశ పక్షుల గ్రంథంలో ఎన్నో పక్షులకు తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. అవి ఊరివాళ్ల నోటి నుంచి వచ్చినవే. చిత్తడి పక్షి కాకపోయినా కలివికోడిని ఇక్కడ తలచుకోవాలి. 1900 తర్వాత శాస్త్రవేత్తలకు కనిపించకుండా పోయిన ఈ పిట్ట 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పట్టి చూపినవాడు స్థానిక వేటగాడే.

1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అయితే అది మెట్ట ప్రాంతపు పని. తీరానికి పేరు తెచ్చింది కొల్లేరు. 1946లో కేరళకు చెందిన పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర గూడబాతులు గూళ్లు పెట్టే చోటును లోకానికి తెలియజేశారు. అప్పుడక్కడ దాదాపు 3,000 పక్షులు ఉండేవి. చుట్టుపక్కల చేపల వేట, సాగు పద్ధతులు మారిపోవడంతో 1975 నాటికి అవి ఆ చోటు వదిలేశాయి. తర్వాత సరస్సులో చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో ప్రభుత్వం కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో గట్లను పేల్చేశారు. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీ శాఖ నిలిపిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటున్నాయి. ఒకప్పుడు చెట్లు చేసిన పని ఈనాడు ఇనుము చేస్తోంది.

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు కథ వేరు. అక్కడ నీటిలో నిలిచి పెరిగే నీరుకడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు పెడతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు వరికి ఎరువని గ్రామస్థులకు తెలుసు. అందుకే 1976లో అభయారణ్యం బోర్డు వెలియక ముందు నుంచీ వాళ్లే వాటికి కాపలా. పులికాట్ కూడా అదే ఏడాది అభయారణ్యమైంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. ఇంత దగ్గరగా ఫ్లెమింగోల గుంపులను బస్సు కిటికీలోంచి చూపించే దారులు దేశంలో అరుదు. 2001లో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ మొదలైంది. గుంటూరు జిల్లా ఉప్పలపాడులోనూ, తేలినీలాపురంలోనూ కొంగలకూ గూడబాతులకూ ఊరే అండ.

పట్టణవాసులు ఈ పనిలోకి సంఘంగా దిగింది 1980లో, హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం ఏర్పడినప్పుడు. డెక్కన్ బర్డర్స్ పేరుతో ఆ సంఘం నేటికీ నడుస్తోంది. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో ఔత్సాహికుల లెక్కలకూ చోటిచ్చింది.

హైదరాబాద్ శివారు బడంగ్‌పేట్ వాసులు ఎల్బీనగర్‌లో విజయవాడ హైవే ఎక్కితే కొల్లేరు ఒక రాత్రి ప్రయాణం. నేలపట్టు చెరువు మాత్రం ఎండలు ముదిరితే ఎండిపోతుంది, పక్షులు అంతకుముందే ఎగిరిపోతాయి. చూడదలచినవారు శివరాత్రి దాటకముందే వెళ్లాలి.