క్రీడా సంఘాల స్వయంప్రతిపత్తి: అర్ధశతాబ్ది వ్యాజ్యం

2014 ఫిబ్రవరి 7న రష్యాలోని సోచీ నగరంలో శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం జరిగింది. ముగ్గురు భారత క్రీడాకారులు త్రివర్ణ పతాకం లేకుండా, ఒలింపిక్ పతాకం కింద నడిచారు. వారి తప్పేమీ లేదు. భారత ఒలింపిక్ సంఘాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2012 డిసెంబరు 4న సస్పెండ్ చేసింది. ప్రభుత్వ క్రీడా నియమావళి ప్రకారం ఎన్నికలు జరపడం సంఘం స్వయంప్రతిపత్తికి భంగకరమన్నది కమిటీ ప్రధాన అభ్యంతరం.

ఈ తగవు మూలాలు 1975 నాటివి. క్రీడా సమాఖ్యల పదవుల్లో ఒకే వ్యక్తి ఏళ్ల తరబడి పాతుకుపోకుండా కేంద్రం ఆ ఏడాది పదవీకాలానికి పరిమితి విధించింది. ఆ ఉత్తర్వు చాలాకాలం కాగితానికే పరిమితమైంది. 2010 మేలో ప్రభుత్వం దాన్ని పునరుద్ధరించి, 2011లో జాతీయ క్రీడాభివృద్ధి నియమావళిని తెచ్చింది. సమాఖ్యలు ప్రతిఘటించాయి. క్రీడలు రాష్ట్రాల జాబితాలోనివని, సంఘాలు పెట్టుకునే హక్కును రాజ్యాంగమే ఇచ్చిందని, పార్లమెంటు చట్టం లేకుండా ఉత్తర్వులతో ఆ హక్కును కుదించలేరని వాదించాయి. ముఖ్యంగా చివరి అభ్యంతరం తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు.

న్యాయస్థానాలు జాగ్రత్తగానే అడుగులు వేశాయి. జీ టెలిఫిల్మ్స్ కేసులో 2005లో సుప్రీంకోర్టు 3–2 ఆధిక్యంతో క్రికెట్ బోర్డు రాజ్యాంగం 12వ అధికరణ కింద ‘రాజ్యం’ కాదని తీర్పునిచ్చింది. అయితే అది ప్రజా విధులు నిర్వర్తిస్తోంది కనుక హైకోర్టుల రిట్ అధికార పరిధికి లోబడుతుందని చెప్పింది. ఒలింపిక్ సంఘం పిటిషన్‌పై 2014 మే 9న ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం పదవీకాల, వయోపరిమితులను సమర్థించింది. దేశం పేరుతో జట్లను పంపే సంఘాలు, ప్రభుత్వ గుర్తింపు, సాయం కోరినప్పుడు సహేతుకమైన షరతులకు కట్టుబడక తప్పదన్నది ఆ తీర్పు సారాంశం.

క్రికెట్‌లో జోక్యం మరింత లోతుగా సాగింది. లోధా కమిటీ సంస్కరణలను 2016 జులై 18న ఆమోదించిన సుప్రీంకోర్టు, వాటిని అమలు చేయలేదని 2017 జనవరి 2న బోర్డు అధ్యక్ష, కార్యదర్శులను తొలగించింది. అదే కోర్టు 2018లోను, 2022లోను పదవుల మధ్య విరామ నిబంధనలను సడలించింది.

ఫుట్‌బాల్‌లో ఈ వైద్యం వికటించింది. గడువు తీరినా ఎన్నికలు జరపని అఖిల భారత సమాఖ్య నిర్వహణను 2022 మేలో సుప్రీంకోర్టు ఒక పాలక కమిటీకి అప్పగించింది. ‘బయటి జోక్యం’ జరిగిందంటూ ఫిఫా ఆగస్టులో భారత్‌ను సస్పెండ్ చేసింది. ఆసియా మహిళా క్లబ్ పోటీల కోసం అప్పటికే తాష్కెంట్ చేరిన గోకులం కేరళ జట్టు మైదానంలో దిగకుండానే వెనుదిరిగింది. కోర్టు కమిటీని రద్దు చేశాకే నిషేధం తొలగింది.

2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన జాతీయ క్రీడా పాలన చట్టం ఎట్టకేలకు చట్టం లేదన్న లోటు తీర్చింది. సమాఖ్యలకు గుర్తింపునిచ్చే జాతీయ క్రీడా బోర్డు, వివాదాల పరిష్కారానికి ట్రిబ్యునల్, కార్యవర్గాల్లో కనీసం ఇద్దరు మేటి క్రీడాకారులు, నలుగురు మహిళలు ఉండాలన్న నియమం అందులో ముఖ్యమైనవి. కానీ ప్రభుత్వ నిధులు తీసుకోని సంఘాలను సమాచార హక్కు పరిధి నుంచి తప్పించారు. బోర్డు సభ్యులను నియమించేది కేంద్రమే. వయోపరిమితిని సైతం కొన్ని షరతులతో 75 ఏళ్ల దాకా సడలించారు.

సంఘాల పెత్తనాన్ని అదుపు చేయడం అవసరమే. ఆ పెత్తనం కార్యాలయం మారి ప్రభుత్వం చేతికి చేరితే, సోచీలో పతాకం లేకుండా నడిచినవారికి, తాష్కెంట్ నుంచి ఆడకుండా తిరిగొచ్చినవారికి ఒరిగేదేమీ ఉండదు. స్వయంప్రతిపత్తి పేరిట ఇంతకాలం వాదించుకున్నది పదవుల్లో ఉన్నవారు, మూల్యం చెల్లించింది ఆటగాళ్లు. కొత్త ట్రిబ్యునల్‌ను ప్రజలు తూచవలసింది ఈ లెక్కతోనే.