మద్రాసు విద్యుత్ ట్రాములు
విద్యుత్ వాహనాలు ఈ శతాబ్దపు సృష్టి అన్న భావన నేటి చర్చల్లో బలంగా వినిపిస్తున్నప్పటికీ, భారతదేశంలో తొలి విద్యుత్ ట్రాము 1895లోనే మద్రాసు వీధుల్లో నడిచింది. తలపై తీగలు లేకుండా, పట్టాల నడుమ నేలలో తవ్విన సన్నని కాలువలో, అంటే కాండ్యూట్‌లో, విద్యుత్ వాహకాన్ని అమర్చి బండికి కరెంటు అందించిన ఆ పద్ధతి, వర్షాకాలంలో కాలువలోకి నీరు చేరడంతో నిలవలేకపోగా, దాని స్థానంలో స్తంభాల మీది తీగలు వచ్చాయి. చివరకు నష్టాల్లో కూరుకుపోయిన ట్రాములు 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. 2025లో చెన్నై మహానగర రవాణా సంస్థ విద్యుత్ బస్సులను రోడ్డెక్కించిన ఈ కాలానికి ఆ చరిత్ర చెప్పే పాఠం స్పష్టమైనది: ఊరి వానను, నేలను, నిర్వహణ ఖర్చును లెక్కలోకి తీసుకోని సాంకేతికత, ఎంత మేలైనదైనా, నిలదొక్కుకోలేదు.