సర్కారు గ్రాంటూ, ఊరి సంఘమూ

ఊళ్లో పదిమంది కలిసి పఠనమందిరం పెట్టినా, రాత్రిబడి పెట్టినా, దిక్కులేని ముసలివాళ్లకు ఒకపూట అన్నం పెట్టే సంఘం పెట్టినా, మూడోనెల తిరగకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: డబ్బు ఎక్కడినుంచి తేవాలి? ఈ ప్రశ్నను మనవాళ్లు సాధారణంగా కార్యదర్శికి వదిలేస్తారు. సిద్ధాంత చర్చకు అందరూ వస్తారు. రశీదు పుస్తకం పట్టుకుని వీధులు తిరగడానికి ఇద్దరు మిగులుతారు. ఒకప్పటి తాలూకా కేంద్రంలో నేను కొన్నేళ్లు పఠనమందిరం కార్యదర్శిగా వున్నాను. దరఖాస్తు ఫారాలు నింపడమే ఆ పదవిలో పెద్దపని. "సంస్థకు సొంత భవనం వున్నదా?", "స్థానికంగా ఎంత మొత్తం సమకూర్చగలరు?", "గత మూడేళ్ల ఆడిటు నివేదికలు జతచేయవలెను." ఈ గడులను మొదట గీసినవారెవరు, ఎవరిని దృష్టిలో పెట్టుకుని గీశారు అన్న సందేహం నాకు ఆ రోజుల్లోనే కలిగింది. దానికి సమాధానం వెతుకుతూ పోతే 1854 దాకా పోవలసివచ్చింది.

అంతకుముందు మన దేశంలో దానం లేదని కాదు. అగ్రహారాలు, ఈనాములు, సత్రాలకు రాసిచ్చిన మాన్యాలు కావలసినన్ని వున్నాయి. కాని అవి ఎవరికి దక్కాయో చెప్పనవసరం లేదు. షరతులు రాసి, తనిఖీ పెట్టి, ఏటేటా లెక్క అడిగి, ప్రజల సంస్థకు ప్రభుత్వం డబ్బివ్వడం మాత్రం కంపెనీ పాలన చివరి రోజుల్లో వచ్చిన పద్ధతి. 1854 జూలై 19న లండన్ నుంచి వచ్చిన విద్యా తాఖీదు, అప్పటి బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అధ్యక్షుడు చార్లెస్ ఉడ్ పేరుతో ప్రసిద్ధమైనది, ప్రైవేటు పాఠశాలలకు "గ్రాంట్ ఇన్ ఎయిడ్" ఇమ్మన్నది. షరతులు చూడండి. మంచి లౌకిక విద్య చెప్పాలి. నమ్మదగిన స్థానిక యాజమాన్యం వుండాలి. ప్రభుత్వ తనిఖీకి ఒప్పుకోవాలి. పిల్లలనుంచి ఎంత స్వల్పమైనా సరే జీతం వసూలు చేయాలి.

మొదటి మూడూ వినడానికి న్యాయంగానే వున్నాయి. నాలుగోదాన్ని మరోసారి చదవండి. ఉచితంగా వచ్చే చదువుకు విలువ వుండదనీ, జీతమిస్తే హాజరు బాగుంటుందనీ వారి వాదన. కాని పొద్దున పొలానికి పోతేనే రాత్రి పొయ్యి వెలిగే ఇంట్లో ఆ "స్వల్పమైన" జీతం స్వల్పమైనది కాదు. ఇక రెండోదీ అంత అమాయకమైనది కాదు. నమ్మదగిన యాజమాన్యమంటే ఎవరు? ఇల్లూ భూమీ వున్నవారు, ఇంగ్లీషులో ఉత్తరం రాయగలవారు, వెనుక విదేశీ సంఘపు నిధి వున్న మిషనరీలు. మత బోధనను తనిఖీదార్లు పట్టించుకోనక్కర లేదని ఆ తాఖీదే చెప్పింది గనుక మిషన్ బడులకు లౌకికవిద్య షరతు అడ్డురాలేదు. 1843లోనే రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో బడి పెట్టాడు. అటువంటి సంస్థలకు భవనం వుంది, ఉపాధ్యాయులున్నారు, లెక్కలు రాసే దొర వున్నాడు. మద్రాసు రాజధానిలో గ్రాంటు అందుకోవడంలో మిషన్లు ముందువరుసలో నిలవడానికి కారణం ఇదే. వున్నవాడి దగ్గరున్న రూపాయి పక్కన సర్కారు మరో రూపాయి పెట్టింది. లేనివాడి పక్కన పెట్టడానికి ఆ లెక్కలో చోటులేదు.

తరువాత మరొక చమత్కారం జరిగింది. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో ప్రవేశపెట్టిన "ఫలితాన్నిబట్టి చెల్లింపు" పద్ధతిని ఆ దశాబ్దం చివరలో మద్రాసులోనూ అమలు చేశారు. వీధి అరుగుమీద ఇసుకలో అక్షరాలు దిద్దించే పంతులుకు కూడా దీనితో మొదటిసారి గ్రాంటు ఆశ కలిగింది. పిల్లవాడు చదవడంలో నెగ్గితే ఇంత, రాయడంలో నెగ్గితే ఇంత, లెక్కల్లో ఇంత. ఇన్‌స్పెక్టరు ఏడాదికి ఒకసారి వస్తాడు; ఆ ఒక్కరోజు మీద పంతులు కుటుంబం తిండి ఆధారపడి వుంటుంది. అటువంటప్పుడు పంతులు ఎవరిమీద శ్రద్ధ పెడతాడు? నెగ్గేవాడిమీద. కోతల కాలంలో బడి మానేసిన కూలివాడి కొడుకు ఆ పంతులు కంటికి నష్టం ఖాతాలోని పేరు. పంతులు దుర్మార్గుడు కానక్కర లేదు. ఫారం అతన్ని అలా చేసింది. ఇంగ్లండు ఈ పద్ధతిని 1897 నాటికి పూర్తిగా వదులుకున్నది. ఇక్కడ అది ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా కొంత నడిచింది. నేటి దాతలు "ఎందరు లబ్ధిదారులు, ఎంత శాతం ఫలితం" అని అడిగినప్పుడల్లా నాకు ఆ అరుగుబడి పంతులే గుర్తుకొస్తాడు.

గ్రాంటుకు పగ్గం కూడా వుంటుందని స్వదేశీ ఉద్యమం తేల్చింది. 1905 అక్టోబరులో బెంగాల్లో వెలువడిన కార్లైల్ సర్క్యులరు, విద్యార్థులు రాజకీయాల్లో దిగితే ఆ విద్యాసంస్థకు సహాయం ఆపేస్తామని బెదిరించింది. 1907లో రిస్లీ సర్క్యులరు దేశమంతటికీ అదే పాఠం చెప్పింది. డబ్బు తీసుకున్నవాళ్లు దొరకిపోయారు. మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను ప్రజల చందాలమీద నిలబెట్టడానికి పూనుకున్నారంటే దాని వెనుక ఈ గుణపాఠం వున్నది. 1907లో రాజమండ్రి ట్రైనింగు కళాశాలనుంచి బహిష్కృతుడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు తరువాత గ్రంథాలయోద్యమానికి నాయకుడు కావడం కూడా యాదృచ్ఛికం అనుకోను.

ఆ గ్రంథాలయోద్యమం దగ్గర కొంచెం ఆగాలి. ఎందుకంటే ఊరి సంఘానికి డబ్బు సమస్యను ఆంధ్రులు సొంతంగా ఆలోచించిన ఘట్టం అదే. 1914 ఏప్రిల్లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. దాన్ని నడిపినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. అప్పటి గ్రంథాలయాలు ఏ డబ్బుతో బతికాయి? సభ్యుల అణాల చందా, పెళ్లిళ్లలో చదివింపులు, ఇంటింటా కుండలో వేసిన పిడికెడు బియ్యం అని పెద్దలు చెప్పగా విన్నాను. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణం వంటివారి శ్రమను మాత్రం ఏ లెక్కల పుస్తకంలోనూ చూపలేం.

తెలంగాణలో పరిస్థితి మరింత కఠినం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టినప్పుడు కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావులతోపాటు మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు కూడా వున్నాడు. మనలో కొందరు దాత ముఖం చూసి సంస్థకు తీర్పు చెబుతారు. జమీందారీ డబ్బు ఎవరి చెమట అన్నది అడగవలసిందే. కాని గ్రంథాలయం ఆ డబ్బుతో ఏమి చేసిందన్నదీ అడగాలి. సభ జరుపుకోవడానికి కూడా ముందుగా అనుమతి కావాలని గస్తీ నిశాన్ 53 శాసించిన నిజాం రాజ్యంలో, గ్రంథాలయ వార్షికోత్సవం పేరుతోనే జనం ఒకచోట కూడగలిగారు. అక్కడినుంచి ఆంధ్ర మహాసభకు దారి పడింది. ఏ జమీందారూ ఇంత ఫలితాన్ని ఉద్దేశించి చందా ఇచ్చి వుండడు!

స్వాతంత్ర్యం వచ్చాక రెండు దారులు కనిపించాయి. ఒకటి 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకం. ప్రభుత్వం కొంత ఇస్తుంది, ప్రజలు తమవంతు డబ్బుగానో వస్తువుగానో శ్రమగానో ఇవ్వాలి. డబ్బు లేనివాడికి శ్రమ వుందిగదా, ఇది 1854 తాఖీదు కంటె మేలుగదా అనిపిస్తుంది. మన శామీర్‌పేట మీద గ్రంథం రాసిన ఎస్. సి. దూబే, తరువాత ఉత్తర ప్రదేశ్ గ్రామాలను పరిశీలించి 1958లో మరో గ్రంథం ప్రకటించాడు. శ్రమదానంలో పలుగూ పారా పట్టింది పేదలు, పెద్దమనుషులు పర్యవేక్షణతో సరిపెట్టుకున్నారు, వేసిన రోడ్డువల్ల ఎక్కువ లాభపడింది బండీ పంటా వున్నవాళ్లు అని అందులో తేల్చాడు. కూలి లేకుండా చేయించుకునే పనికి మన పల్లెల్లో వెట్టి అని పాత పేరొకటి వుంది.

రెండోది గ్రంథాలయ శాసనం. రంగనాథన్ ప్రోద్బలంతో మద్రాసులో 1948లో వచ్చింది. హైదరాబాదు రాజ్యానికి 1955లో, ఆంధ్ర ప్రదేశ్‌కంతటికీ 1960లో శాసనాలు వచ్చాయి. దీని కీలకం సెస్సు. ఇంటిపన్ను రూపాయిలో కొన్ని పైసలు గ్రంథాలయానికి పోతాయి. తరువాతి సవరణలతో అది రూపాయికి 8 పైసలయింది. ఇంటిపన్ను వంద రూపాయలైతే ఎనిమిది రూపాయలు. పట్టణంలో కోటి వసూలైతే ఎనిమిది లక్షలు. దాత దయ లేదు, ఫలితాల పట్టిక లేదు, మ్యాచింగ్ వాటా లేదు. ఊళ్లో ఇల్లున్న ప్రతివాడూ చెల్లిస్తాడు, ఇల్లులేనివాడు కూడా వచ్చి చదువుకుంటాడు. నా దృష్టిలో ఆంధ్రోద్యమాలు సాధించిన ఆర్థిక విజయాల్లో ఇది గొప్పది. చాలామంది దాన్ని విజయంగా గుర్తించనే లేదు.

దానికీ మూల్యం వుంది. సర్కారు చూసుకుంటుందిలే అని చందాదారులు తప్పుకున్నారు. పిడికెడు బియ్యపు కుండ మాయమయింది. సెస్సును వసూలు చేసేది పంచాయతీ, మునిసిపాలిటీ. ఖర్చుపెట్టేది జిల్లా గ్రంథాలయ సంస్థ. వసూలైనది ఒకరి ఖాతానుంచి మరొకరి ఖాతాకు సకాలంలో చేరకపోవడం దశాబ్దాలుగా వింటున్న మాట. జీతాల ప్రతి కదిలినంత వేగంగా పుస్తకాల కొనుగోలు ప్రతి కదలదు.

ఇప్పుడు సంఘాల కార్యదర్శులు ఎక్కే గుమ్మాలు వేరు. 1972లో కలకత్తాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ దగ్గర మ్యాచింగ్ పథకాలున్నాయి. అడిగేవాళ్లు తక్కువ, అడగడం నేర్చుకోవాలి. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకింద ఖర్చుచేయాలి. తమ కార్యకలాపాలున్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మని ఆ చట్టమే చెబుతుంది. కంపెనీయే లేని మెట్ట తాలూకాలకు ఆ ప్రాధాన్యం ఎలా దక్కుతుంది? డబ్బు అందుకునే సంస్థకు మూడేళ్ల అనుభవం, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు, 2021 ఏప్రిల్‌నుంచి సి.ఎస్.ఆర్-1 రిజిస్ట్రేషన్ కావాలి. విదేశీ విరాళాల చట్టం 1976లో ఎమర్జెన్సీలో వచ్చింది, 2010లో తిరగరాశారు, 2020 సవరణ ఒక సంస్థ తాను పొందిన విదేశీ నిధిని మరొక సంస్థకు పంచడాన్ని పూర్తిగా నిషేధించింది. పట్నంలోని పెద్ద సంస్థద్వారా పల్లెలోని చిన్న సంఘానికి చేరే కాలువ దీనితో పూడిపోయింది. ఉడ్ దొర అడిగిన "నమ్మదగిన యాజమాన్యం" ఇప్పుడు సర్టిఫికెట్ల రూపంలో కూర్చున్నది.

అందుకని దరఖాస్తులు మానేయమని నేననను. రిజిస్ట్రేషను చేయించుకోండి, ఏటా ఆడిటు చేయించండి, సభ్యులనుంచి నెలకు పది రూపాయలైనా వసూలుచేసి రశీదివ్వండి. ఆ రశీదు కట్టే రేపు మీ స్థానిక వాటాకు సాక్ష్యం. ఒక్క దాతమీద సంఘం బతుకును వేలాడదీయకండి. 1905 సర్క్యులరు పాఠం అదే. వాటితోపాటు చట్టం ప్రకారం మీకు రావలసినది ఎక్కడ ఆగిందో అడగండి. మా ప్రాంతంలో ఒక చిన్న పఠనమందిరం యువకులు సమాచార హక్కు చట్టం కింద స్థానిక సంస్థను రెండే ప్రశ్నలు అడిగారు: గత అయిదేళ్లలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలయింది, అందులో ఎంత జమచేశారు? జవాబు వచ్చింది. మొదటి గడిలో అంకెలున్నాయి, రెండో గడి ఖాళీగా వుంది. వాళ్లు అప్పీలు రాసి పంపారు.