ఎరువు కుప్పలో వెచ్చని సిరి

విజయవాడ: మార్గశిర మాసపు వేకువలో కృష్ణా డెల్టా పల్లెలలో నడిచేవారికి పరిచితమైన దృశ్యమొకటి ఉంది. ఊరి చివర పెంటపోగును పారతో కదిలిస్తే లోపలి నుంచి తెల్లని ఆవిరి లేస్తుంది. చేయి దగ్గరగా పెడితే సెగ తగులుతుంది. నిప్పు లేదు, ఎండ లేదు. మరి ఆ వేడి ఎక్కడిది? శీతల దేశాల రైతులు ఇదే వేడితో మంచు కురిసే రోజులలో గ్రీన్‌హౌస్‌లను వెచ్చబరచి కూరగాయలు పండించారు. వేసవిలో నిప్పులు చెరిగే విజయవాడ పరిసరాలలో ఆ అవసరం లేకపోవచ్చు. అయినా ఆ వేడి చేసే పని మన రైతుకూ కావలసిందే. ఏటా కోతల అనంతరం పొలాలలో తగులబెడుతున్న వరిగడ్డితో పాటు మనం పోగొట్టుకుంటున్నది ఆ పనినే.

వేడి పుట్టేదిలా...

గడ్డి, ఆకు, పేడ వంటి సేంద్రియ పదార్థాలను సూక్ష్మజీవులు ఆహారంగా తీసుకుంటాయి. గాలిలోని ప్రాణవాయువును ఉపయోగించుకొని వాటిని విచ్ఛిన్నం చేసే క్రమంలో వేడి వెలువడుతుంది. ఇది నిప్పులేని మంట వంటిది. పలుచగా పరచిన చెత్తలో ఈ వేడి వెంటనే గాలిలో కలిసిపోతుంది. కుప్పగా పోసినప్పుడు పైపొరలే దుప్పటిలా పనిచేసి, లోపలి వేడిని బయటకు పోనీయవు.

కుప్ప వేసిన రెండు మూడు రోజులలోనే ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అక్కడి నుంచి వేడిని ఇష్టపడే సూక్ష్మజీవులు రంగంలోకి దిగుతాయి. కుప్ప నడిమి భాగం 55 నుంచి 65 డిగ్రీల వరకు, ఒక్కొక్కసారి 70 డిగ్రీల వరకు చేరుతుంది. అంతకు మించితే ఆ సూక్ష్మజీవులే నశించి పని మందగిస్తుంది. తేలికగా కుళ్లే పదార్థం తరిగిపోయిన కొద్దీ కుప్ప క్రమంగా చల్లబడి, ఎరువు మాగే దశ ఆరంభమవుతుంది.

టన్ను గడ్డిలో ఎంత వేడి?

స్థూలమైన లెక్క ఒకటి చూద్దాం. కిలో ఎండు వరిగడ్డిని కాల్చితే వచ్చే వేడి సుమారు నాలుగు యూనిట్ల విద్యుత్తుకు సమానం. కంపోస్టు కుప్పలో ఆ పదార్థమంతా విచ్ఛిన్నం కాదు. సగం అవుతుందనుకున్నా కిలోకు రెండు యూనిట్లు, టన్నుకు రెండు వేల యూనిట్ల వేడి వెలువడుతుంది. మూడు నెలల పాటు రేయింబవళ్లు ఒక కిలోవాట్ విద్యుత్ హీటర్ వెలిగించి ఉంచినంత అన్నమాట. ఇందులో అధిక భాగం కుప్పలోని నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. కనుక మనం పట్టి వాడుకోగలిగేది కొంత మాత్రమే.

చలి దేశాలలో...

పందొమ్మిదో శతాబ్దంలో పారిస్ నగర శివార్లలోని కూరగాయల రైతులకు ఈ విద్య బాగా తెలుసు. నగరంలోని గుర్రపుశాలల నుంచి వచ్చే పేడను, గడ్డిని మందంగా పరచి, పైన మట్టి పోసి, గాజు పలకలు కప్పేవారు. అడుగు నుంచి వచ్చే వెచ్చదనంతో చలికాలంలోనూ ఆకుకూరలు పండించి అంగడికి తెచ్చేవారు. మోటారు వాహనాలు వచ్చి గుర్రాలు కనుమరుగవడంతో ఆ సేద్యం క్షీణించింది.

ఫ్రాన్స్ దేశంలోనే ప్రోవెన్స్ ప్రాంతానికి చెందిన జాఁ పాఁ 1970 దశకంలో అడవిలోని పొదలను ముక్కలుగా నలిపించి, దాదాపు 50 టన్నుల కుప్ప వేసి, మధ్యలో నీటి గొట్టాలు చుట్టారు. ఆయన లెక్క ప్రకారం 10 డిగ్రీల చల్లని నీరు నిమిషానికి నాలుగు లీటర్ల చొప్పున 60 డిగ్రీల వేడితో బయటకు వచ్చేది. ఆ నీటితో ఇంటిని వెచ్చబరచుకున్నారు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో న్యూ ఆల్కెమీ సంస్థ 1980 దశకంలో కంపోస్టుతో నడిచే గ్రీన్‌హౌస్‌ను నిర్మించి పరీక్షించింది. కుప్ప గుండా గాలిని పంపి, ఆ వెచ్చని గాలిని మొక్కల మడుల అడుగున వదిలారు. వేడితో పాటు మొక్కలకు కావలసిన కార్బన్ డయాక్సైడ్ కూడా అందింది. అయితే వేడి అవసరమంతా కంపోస్టుతోనే తీర్చాలంటే కార్బన్ డయాక్సైడ్, నత్రజని మొక్కల అవసరానికి ఎన్నో రెట్లు మించిపోతాయని ఆ ప్రయోగంలో వెల్లడైంది. కంపోస్టు వేడి గ్రీన్‌హౌస్‌కు తోడు నిలవగలదే తప్ప, భారమంతా మోయలేదన్నది దాని సారాంశం.

మన డెల్టాకు పనికివస్తుందా?

విజయవాడలో జనవరి రాత్రులలోనూ ఉష్ణోగ్రత 15 డిగ్రీల కన్నా తగ్గడం అరుదు. ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటడం పరిపాటి. ఇక్కడ పాలీహౌస్ వేసిన రైతుకు చిక్కు చలితో కాదు, వేడితోనే. అందుకే మిరప, టమాటా నారు పెంచేవారు నీడవలలను ఆశ్రయిస్తున్నారు. డెల్టాలో కంపోస్టు కోసం గొట్టాలు, పంపులు కొని గ్రీన్‌హౌస్‌ను వేడిచేయాలనుకోవడం వృథా వ్యయమే.

రాష్ట్రంలో ఆ పద్ధతికి తగిన చోటు మన్యంలో ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిలో చలికాలపు రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోతుంది. అటువంటి చోట నారుమడి అడుగున రెండడుగుల మందాన పచ్చి పేడ, గడ్డి కలిపి తొక్కి, పైన అర అడుగు మట్టి పోస్తే వెచ్చని మడి సిద్ధమవుతుంది. ఖర్చు స్వల్పం. తొలి వారం మట్టి మరీ వేడెక్కుతుంది కనుక, అది చేతికి గోరువెచ్చగా తగిలే దాకా ఆగి విత్తనం వేయాలి.

డెల్టాలోనూ చలి బాధించే సందర్భం ఒకటుంది. దాళ్వా నారుమళ్లు పోసే డిసెంబరు, జనవరి మాసాలలో మొలక ఆలస్యమవుతుంది. నారు ఎర్రబడి ఎదుగుదల తగ్గుతుంది. రాత్రి వేళ మడిలోని నీటిని తీసివేసి ఉదయం కొత్త నీరు పెట్టడం, సాయంత్రం పట్టాలు కప్పి పొద్దెక్కాక తీయడం ఇందుకు వాడుకలో ఉన్న ఉపాయాలు. ఆరుబయట విశాలంగా, నీటితో ఉండే నారుమడికి కుప్ప వేడిని చేర్చడం సాధ్యపడదు.

మనకు కొత్త కాని విద్య

కుప్ప వేడిని వాడుకోవడం తెలుగు రైతుకు కొత్తేమీ కాదు. నానబెట్టిన వడ్లను గోనెసంచిలో పోసి, గడ్డి కప్పి, బరువు పెట్టి మండె కడతారు. ఊపిరి పోసుకుంటున్న గింజల నుంచి వెలువడే వేడే మొలకను త్వరపరుస్తుంది. మామిడికాయలను గడ్డిలో మాగవేయడంలోనూ కాయల నుంచి వచ్చే వేడిని, వాయువును బయటకు పోకుండా ఆపడమే కిటుకు.

పుట్టగొడుగుల పెంపకంలో ఈ విద్య పరిశ్రమ స్థాయికి చేరింది. తెల్ల బటన్ పుట్టగొడుగుల కోసం గడ్డి, కోళ్ల ఎరువు, జిప్సం కలిపి వేసే కుప్ప 70 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడే గడ్డిని మెత్తబరచి పుట్టగొడుగులకు తగిన మేతగా మారుస్తుంది. మన వాతావరణానికి అనువైన వరిగడ్డి పుట్టగొడుగులు, పాల పుట్టగొడుగులు 30 డిగ్రీలకు పైబడిన వెచ్చదనంలో పెరుగుతాయి.

కలుపు, తెగుళ్లకు చెక్

డెల్టాలో కుప్ప వేడికి అసలైన విలువ ఇక్కడే ఉంది. పచ్చి పేడను, మాగని పెంటను పొలానికి తోలితే దానితో పాటు కలుపు గింజలు, తెగుళ్ల బీజాలు, పురుగుల గుడ్లు కూడా చేరతాయి. కుప్ప లోపల 55 డిగ్రీలకు మించిన వేడి కొన్ని రోజుల పాటు నిలిస్తే వీటిలో అధిక భాగం నశిస్తుంది. తిరగవేసే పద్ధతిలో చేసే కుప్పలలో 15 రోజులు ఆ వేడి నిలవాలని, ఆ వ్యవధిలో కనీసం ఐదు సార్లు తిరగవేయాలని అమెరికా పర్యావరణ సంస్థ నిబంధన. కుప్ప అంచులు చల్లగా ఉంటాయి కనుక, ప్రతి భాగమూ ఒకసారైనా నడిమికి చేరడానికే ఈ నియమం.

తిరగవేసే ఈ పద్ధతికి మన దేశంలో శాస్త్రీయ రూపమిచ్చినవారు ఆల్బర్ట్ హోవర్డ్. ఇండోర్‌లో 1924 నుంచి 1931 వరకు ఆయన సాగించిన కృషి ఫలితంగానే ఇది ‘ఇండోర్ పద్ధతి’గా లోకానికి తెలిసింది.

తగులబెడితే నష్టమెంత?

ప్రకాశం బ్యారేజీ కింద కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. వరిలో ధాన్యం ఎంత బరువు పండితే గడ్డి కూడా ఇంచుమించు అంతే వస్తుంది. టన్ను గడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 14 నుంచి 20 కిలోల పొటాష్ ఉంటాయి. తగులబెడితే నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలుస్తుంది. భాస్వరంలో నాలుగో వంతు, పొటాష్‌లో ఐదో వంతు నష్టమవుతాయి. ఎకరాకు రెండు టన్నుల గడ్డి అనుకుంటే, అర బస్తా నుంచి ముప్పాతిక బస్తా యూరియాలో ఉండే నత్రజనిని నిప్పుపాలు చేసినట్లే. కుప్ప వేసినా కొంత నత్రజని అమ్మోనియాగా పోతుంది. కాని సేంద్రియ పదార్థం నేలకు దక్కుతుంది. బూడిద అది ఇవ్వలేదు.

2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ వంటి తుపానులు కోతల వేళ విరుచుకుపడితే గడ్డి తడిసి పశువుల మేతకు పనికిరాకుండా పోతుంది. ఆ తడిగడ్డి కంపోస్టుకు మాత్రం మంచి ముడిసరుకే.

కుప్ప వేసే తీరు

* డెల్టా నల్లనేలల్లో గుంత తీస్తే వానాకాలం నీరు నిలుస్తుంది. ఎత్తయిన, నీడ ఉన్న చోట నేలపైనే కుప్ప వేయాలి.

* వెడల్పు ఐదడుగులు, ఎత్తు నాలుగు నుంచి ఐదడుగులు ఉండాలి. పొడవు వీలును బట్టి. మూడడుగుల కన్నా చిన్న కుప్పలో వేడి నిలవదు.

* వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. ఒట్టి గడ్డి సరిగా వేడెక్కదు. ముక్కలు చేసిన గడ్డి పొరపై పచ్చి పేడ, జీలుగ, పిల్లిపెసర, గ్లిరిసిడియా వంటి పచ్చిరొట్ట పొర వేస్తూ పోవాలి. మొత్తం మీద నత్రజని ఒక వంతుకు కర్బనం 25 నుంచి 30 వంతులు ఉండటం శ్రేష్ఠం.

* పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. నీరు కారితే గాలి ఆడక కుళ్లు వాసన వస్తుంది.

* ఇనుప చువ్వను నడిమికి గుచ్చి పది నిమిషాల తరువాత తీసి పట్టుకోవాలి. చేయి ఓర్చుకోలేనంత వేడి ఉంటే కుప్ప బాగా పనిచేస్తున్నట్లు. గోరువెచ్చగా ఉంటే తడి, పేడ, గాలి వీటిలో ఏదో తక్కువైనట్లు.

* వేడి తగ్గినప్పుడల్లా తిరగవేయాలి. తిరగవేసినా మళ్లీ వేడెక్కకపోతే కుప్ప మాగే దశకు వచ్చినట్లు. ఇందుకు సుమారు మూడు, నాలుగు నెలలు పడుతుంది.

* వానపాములను, ట్రైకోడెర్మాను కుప్ప చల్లారిన తరువాతే కలపాలి. వేడి కుప్పలో వానపాములు బతకవు.

జాగ్రత్తలు తప్పనిసరి

ఈ వేడే అదుపు తప్పితే ముప్పు. సరిగా ఆరని గడ్డిని వాము వేస్తే లోపల వేడి పెరిగి, కొన్ని వారాల తరువాత దానంతటదే అంటుకునే ప్రమాదముంది. గడ్డిలో తేమ 20 శాతం దాటి ఉండగా వాము వేయరాదు. వాము నుంచి మాడు వాసన వచ్చినా, చువ్వ కాలిపోయేంత వేడిగా ఉన్నా ఉన్నపళంగా లాగి విప్పరాదు. గాలి తగిలి ఒక్కసారిగా భగ్గుమంటుంది. ముందుగా 101 నంబరుకు ఫోన్ చేసి అగ్నిమాపక శాఖకు తెలపాలి. పశువులను దూరంగా కట్టివేయాలి.

మూసి ఉన్న పాలీహౌస్‌లోనో, గదిలోనో పచ్చి కుప్ప వేయడం తగదు. అమ్మోనియాతో ఆకుల అంచులు మాడతాయి. కళ్లు, ముక్కు మండుతాయి. కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి లోపలికి వెళ్లేవారికి ఊపిరాడదు. తేమ అధికమై మొక్కలకు శిలీంధ్ర తెగుళ్లు సోకుతాయి.

కంపోస్టు తయారీపై సందేహాలున్న రైతులు ఎన్టీఆర్ జిల్లా గరికపాడు, కృష్ణా జిల్లా ఘంటసాలలోని కృషి విజ్ఞాన కేంద్రాలను, సమీప రైతు సేవా కేంద్రాలను సంప్రదించవచ్చు. ఇందుకు యంత్రం అక్కరలేదు, పెట్టుబడి అంతకన్నా అక్కరలేదు. గట్టున మిగిలిన గడ్డిని కుప్ప వేసే ఓపిక ఉంటే చాలు. గడ్డికి నిప్పు పెడితే వేడి ఒక్క పూటలో ఆరిపోతుంది. కుప్ప వేస్తే అదే వేడి నెలల తరబడి నేల కోసం పనిచేస్తుంది.